దారి తిన్న జీతం

పొలాలకవతల గేదెల కొట్టంలో ఊడ్చే కొలువుంది, రోజుకో పేడముద్ద జీతమని కబురొచ్చింది. చేరేముందు దారెలా ఉందో చూసొస్తానని పేడపురుగు బొల్లయ్య ఒకరోజు పనికి వెళ్లాడు.

జీతంగా ఇచ్చిన రేగుపండంత ముద్దని వెనక్కాళ్లతో దొర్లించుకుంటూ కొట్టం నుంచి బయల్దేరినవాడు, పొద్దుగూకేవేళకి ఆవగింజంత ముద్దతో గుమ్మంలో నిలబడ్డాడు. లోపల పిల్లలు ఆకలితో గోలపెడుతున్నారు.

"మహా దూరమే చిట్టెమ్మా! దొర్లించేకొద్దీ అరిగిపోయింది. చేరమంటావా, వద్దంటావా?" అన్నాడు నీరసం నటిస్తూ.

చిట్టెమ్మ మొగుడి పొట్టకేసి చూసింది. పొద్దున లేని గుండ్రం ఇప్పుడెక్కడిదో ఆవిడకి అర్థమైంది.

"ముందా మూతి తుడుచుకో," అంది.

బొల్లయ్య తుడుచుకున్నాడు. "అంత దారి కదా, ఆకలెయ్యదా మరి?"

"ఎందుకెయ్యదూ! రేపే కొలువులో చేరు. నేనూ పిల్లలూ ఆ కొట్టం గోడవారకి కాపురం మార్చేస్తాం. నువ్వు మాత్రం ముద్ద అక్కడే మాకిచ్చేసి, రోజూ ఇక్కడికే వచ్చి పడుకో."