దిబ్బ మీద మేక చూపు

నేను జంతువుల ఫోటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెడుతుంటానని మీకు తెలుసు. మా కేజీఎఫ్‌లో బంగారం తీశాక మిగిలిన గని మట్టి పోసిన సయనైడ్ దిబ్బ మీద, ఏది కదిలినా తనంతట తానే ఫోటో తీసే కెమెరాను మోకాలెత్తు గూటానికి కట్టాను. దాని వెనక చెట్టు లేదు, స్తంభం లేదు. ఉత్త ఆకాశం.

పక్కింటి మునిలక్ష్మమ్మ సూడి మేక తప్పిపోయి మూడు రోజులైంది. ఆ రోజు చీకటి పడ్డాక కెమెరా చూడటానికి దిబ్బ మీదికి వెళ్తుంటే, ఆమె కూడా టార్చి, తాడు తీసుకొని నా వెంట వచ్చింది.

"నక్కలకంతా ఫోటో తీస్తావు కదా ఈశ్వరప్పా, నా మేక యాడుండాదో చూడప్పా."

"నక్క కడుపులో ఉంటే ఫోటో రాదక్కా," అన్నాను. ఆమె నవ్వలేదు.

గూటం వెనక వంగి, కెమెరా తెర మీద ఒక్కొక్కటే చూశాం. మొదట నక్క, తర్వాత కుందేలు. ఆ తర్వాత ఆమె మేక. నిన్న రాత్రి ఫోటో అది. బతికే ఉంది.

"ఇదేందప్పా, అన్నీ పైకి చూస్తా ఉండాయి?"

నిజమే. ఏదీ కెమెరాను చూడలేదు. మూడూ దాని వెనక, మనిషికి రెండింతల ఎత్తున, ఒకే చోటికి తల ఎత్తి చూస్తున్నాయి.

అప్పుడే మేక అరిచింది. మాకెదురుగా పది అడుగుల దూరంలో వచ్చి నిలబడింది. మునిలక్ష్మమ్మ తాడు పట్టుకొని ఒక అడుగు వేసింది. మేక ఆమెను చూడలేదు. మా తలల మీదుగా పైకి చూసింది.

ఆమె తాడు నేల మీద వదిలేసి, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అది ఇంగ నాది కాదప్పా. నువ్వు వెనక్కి తిరగొద్దు. నేల చూస్తా నడువు."