ఇద్దరాడే ఆటలు

“లాండ్రీ రూమ్‌కి వెళ్ళొస్తా విమలా!” అని కేకేసి రత్నరాజు బయటి తలుపు తీశాడు. చప్పుడయ్యేలా మళ్ళీ వేశాడు. వేసి, బయటికి పోకుండా, పక్కనే ఉన్న, కోట్లు తగిలించే క్లాజెట్‌లోకి దూరిపోయాడు.

అవును, దూరిపోయాడు. అమెరికాలో ప్లెయిన్స్‌బరో తెలుగు సంఘంలో పెద్ద, మందుల కంపెనీలో సీనియర్ కెమిస్టు, ఎనభై అయిదు ఆగస్టు ఎండల్లో చలికోట్ల మధ్య చెమటలు కక్కుతూ బూట్ల మీద చతికిలబడ్డాడు. చేతిలో వైరు లేని జాయ్‌స్టిక్.

ఏం చేస్తాడు పాపం! ఒక్కగానొక్క కూతురు బ్యూలా చలికాలంలో పోయింది. పన్నెండేళ్ళ పిల్ల. జబ్బు రక్తంలోనే ఉందన్నారు. ఆదరణ కూడికలో పాస్టర్‌గారు ఎంత చెప్పినా విమల కంట చుక్క రాలేదు. ఆనాటినించీ అన్నం సహించదు, నోట మాట లేదు. మనిషి పుల్లలా అయిపోయింది. ఇలాగే ఉంటే ఈమె కూడా మీకు దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

అలాంటి విమల ఒక మధ్యాహ్నం తనంతట తనే లేచి, బ్యూలా ఆడుకునే వీడియోగేమ్ అటారీని ఆన్ చేసింది.

ఆ అటారీ అంటే పిల్లకి ప్రాణం. ఆసుపత్రినించి ఇంటికొచ్చాక తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఓ పంతం పట్టింది. ఇంట్లో ఉన్న ఆటలన్నీ షాపుల్లోకి వచ్చిన వరసలోనే, మొదటిదాన్నించి ఆడాలి.

“నో స్కిప్పింగ్, మమ్మీ! ఫస్ట్ వచ్చింది ఫస్ట్ ఆడాలి. అన్నీ ఫినిష్ చెయ్యాలి.”

సగం కూడా అవలేదు.

విమల మళ్ళీ మొదటినించీ అందుకుంది. మొదటిది ట్యాంకుల ఆట. ఇద్దరుంటేనే ఆట. విమల ట్యాంకు తెర మీద తిరుగుతోంది. రెండోది ఉన్నచోటే నిలబడింది. విమల దాన్ని కొట్టలేదు. “రా అమ్మా, ఆడు. ఒక్కసారి కదులు” అని బతిమాలుతూ కూర్చుంది.

రత్నరాజు గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. మర్నాడే బొమ్మల షాపులో వైర్‌లెస్ జాయ్‌స్టిక్ కొన్నాడు. విమల స్నానానికి వెళ్ళినప్పుడు రెండో జాయ్‌స్టిక్ వైరు ఊడదీసి, దాని చోట కొత్తదాని రిసీవర్ డబ్బా తగిలించి టీవీ వెనక దాచాడు. పాత స్టిక్‌ని మాత్రం కార్పెట్ మీద, బ్యూలా కూర్చునేచోటే ఉంచేశాడు. గోడ అడ్డమున్నా పనిచేస్తుందని షాపువాడు భరోసా ఇచ్చాడు.

క్లాజెట్‌లోంచి టీవీ కనబడదు. ఆ మొదటిరోజు గుడ్డెద్దు చేలో పడ్డట్టు అటూ ఇటూ తిప్పాడంతే. హాల్లోంచి కేక వినబడింది.

“బ్యూలా!”

ఆ వెనకే ఏడుపు. ఇన్ని నెలలూ రాని ఏడుపు. ఆ తర్వాత, దేవా, నవ్వు!

ఆ సాయంత్రం విమల చేపల పులుసు వండింది. మారు వడ్డించుకుని మరీ తింది.

“గోడ పక్కన నక్కిందండీ, ఎప్పట్లాగే! నన్ను దగ్గరికి రానిచ్చి వెనకనించి కొట్టేసింది, దొంగపిల్ల!”

రత్నరాజు తలొంచుకుని ముళ్ళు ఏరుకున్నాడు. తను కళ్ళు మూసుకుని తిప్పినదాంట్లో ఇంత కథ చూసుకుంటోంది పిచ్చిది, అనుకున్నాడు. పోనీలే, అన్నం తింటోంది.

ఇక అదే వరస. రోజూ ఆఫీసునించి రాగానే లాండ్రీ అనో, మెయిల్ తెస్తాననో తలుపు చప్పుడు చెయ్యడం, కోట్లలో దూరడం. “ఇవాళ జాలిపడి నన్ను గెలవనిచ్చిందండీ” అనేది విమల ఓ రోజు. “ఇవాళ అలిగింది, మూలకెళ్ళి కూర్చుంది” అనేది ఇంకో రోజు. ఆదివారం ఆరాధనలో రత్నరాజు మోకాళ్ళూని, “ప్రభువా, పోయిన బిడ్డ పేర దొంగాట ఆడుతున్నాను, క్షమించు” అని కుమిలిపోయేవాడు. సోమవారం మళ్ళీ క్లాజెట్టే. పాపమైతే అయింది, మనిషి బతికింది. కాస్త ఒళ్ళు కూడా చేసింది.

భయమల్లా ఒక్కటే. వరసలో ముందుకు పోతున్నకొద్దీ ఇద్దరాడే ఆటలు తగ్గిపోతున్నాయి. కొత్తగా వచ్చినవన్నీ ఒంటరి ఆటలే. ఒకటి దాటేద్దామంటే విమల ఒప్పుకోదు, బిడ్డ మాట మరి. ఇవాళ ఆడుతున్నదే ఇద్దరాడేవాటిలో ఆఖరుది. రేపటినించి రెండో స్టిక్‌తో పనే లేదు. కూతురు రెండోసారి పోయినట్టే. విమల మళ్ళీ మంచం పడుతుంది. ఈసారి లేవదు.

కోట్ల మధ్య రత్నరాజు స్టిక్ ఆపకుండా తిప్పుతూనే ఉన్నాడు.

హాల్లో ఆట చప్పుడు ఆగిపోయింది. విమల గొంతు మెల్లగా వినబడింది.

“వెళ్ళిరా తల్లీ.”

ఇక ఉండబట్టలేకపోయాడు. తలుపు తోసుకుని, మీద పడ్డ కోటుతో సహా హాల్లోకొచ్చి పడ్డాడు.

“విమలా, నన్ను క్షమించు! అది బ్యూలా కాదు, నేనే! ఇన్నాళ్ళూ అక్కడ కూర్చుని ఆడింది నేను. నువ్వు తింటావని, బతుకుతావని ఇలా చేశాను. తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి. మళ్ళీ అన్నం మాత్రం మానెయ్యకే!”

విమల కోపం తెచ్చుకోలేదు. అతని చేతిలోంచి జాయ్‌స్టిక్ తీసి పక్కన పెట్టింది. చెంగుతో అతని మొహం తుడిచింది.

“మీరు అందులో దూరుతున్నారని నాకు మొదటిరోజే తెలుసండీ. నాకోసం ఏదో చేస్తున్నానని తృప్తిపడుతున్నారు కదా అని ఊరుకున్నాను.”

“తెలుసా?” రత్నరాజు తెల్లబోయాడు. “తెలిసే నాతో ఆడావా?”

“మీతో ఎక్కడండీ, ఆ మొదటిరోజు ఆట పెట్టకముందే టీవీ వెనక మీ డబ్బా చూసి, పీకేసి, కార్పెట్ మీదున్న మన బ్యూలా స్టిక్కే మళ్ళీ తగిలించాను.”