అల్లరి పీరియడ్

చెవి పంతులు వచ్చాక పిల్లలు అల్లరి మానేశారు. చెవిలో శనగగింజంత యంత్రం "తప్పమ్మా" అంటూంటే ఎవరు మాత్రం చేస్తారు? అందుకే డిగ్రీ విద్యార్థులు బడులకు వెళ్ళి అల్లరి నేర్పాలని నియమం పెట్టారు. ఒక్కరికైనా అల్లరి రాకపోతే నేర్పినవాడికి డిగ్రీ లేదు.

పార్వతీపురంలో నాలుగో తరగతికి నేర్పుతున్న ధనుంజయకి అది ఆఖరి పీరియడ్.

"పక్కవాళ్ళ పెన్సిళ్ళు దాచెయ్యండర్రా!"

"ఎంతసేపు దాచాలన్నయ్యా?" అంది ఇందుమతి, చేతులు కట్టుకుని.

అతను కాగితం రాకెట్ విసిరాడు. పిల్లలు మర్యాదగా చప్పట్లు కొట్టి, దాన్ని చెత్తబుట్టలో వేశారు. బల్లెక్కి గెంతితే, "పడిపోతారు, దిగండి" అన్నారు.

గంట కొట్టగానే హెడ్‌మిస్ట్రెస్ వరాలమ్మగారు వచ్చారు. "అన్నయ్య ఏం నేర్పాడర్రా?"

ఇందుమతి చెవిలోని గింజ తీసి గుప్పిట్లో దాచుకుంది. "ఏటీ నేర్పలేదు మేడం. గురకపెట్టి నిద్రపోయాడు."

"అవును మేడం!" అన్నారందరూ, తమ గింజలూ తీసేసి.

"అబద్ధం మేడం! నా డిగ్రీ పోతుంది!" ధనుంజయ లబలబలాడాడు.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ముందు బెంచీదాకా పాకింది. వరాలమ్మగారు కుర్చీలో కూలబడ్డారు. ఆ గదిలో నవ్వు విని ఎన్నేళ్ళయిందో!

"పాసయ్యావులే, ఊరుకో నాయనా," అని ఆవిడ పిల్లలవైపు తిరిగారు. "ఏదీ, ఎలా గురకపెట్టాడో చూపించండర్రా."