సైరన్ మోగేదాకా

జుకినీని తురమడం పెద్ద పని కాదు. తురిమాక అందులోంచి నీళ్లు పిండడమే పని. ఎంత పిండినా ఇంకా కారుతూనే ఉంటుంది. ఫిర్దౌస్‌కు మణికట్టు లాగేస్తోంది.

ఆ కాయలు తెచ్చింది ఆమె భర్త ఇస్మాయిల్. జనగామ బస్టాండు దగ్గర అతనికి కూరగాయల బండి ఉంది. మరిపెడ వైపు రైతెవరో హైదరాబాద్ హోటళ్ల కోసం పండించి, అక్కడ అమ్ముడుపోక తెచ్చి ఇతనికి అంటగట్టాడు. చూస్తే కీరదోస, కోస్తే సొరకాయ. జనగామలో దాన్ని పట్టుకుని చూసినవాళ్లే తప్ప కొన్నవాళ్లు లేరు. చివరికి సరుకంతా ఫిర్దౌస్ వంటింటికే చేరింది.

అదీ ఒకందుకు మంచిదే అయింది. అత్త లతీఫా బేగానికి పళ్లు లేవు. కూర పెడితే మూతి తిప్పుకుంటుంది. రోజా విడిచేటప్పుడు మాత్రం ఒక ఖర్జూరం, మెత్తగా తియ్యగా ఉన్నదేదైనా ఒక్కటి తింటుంది. ఇక చాలంటుంది. అందుకే కూర, గుడ్డు, గోధుమపిండి అన్నీ ఆ ఒక్కదాంట్లోనే దూర్చాలి. బెల్లం పేరుకు మాత్రమే. మిగతా మాయంతా దాల్చినచెక్క, యాలకులు, శొంఠి చేయాలి. చిన్న కేకులాంటి ఆ వంటను మఫిన్ అంటారట. ఫోన్‌లో చూసి నేర్చుకుంది.

ఇంట్లో ఓవెన్ లేదు. రబ్బరూ విజిలూ తీసేసిన పాత కుక్కర్‌లో ఇసుక పోసి వేడిచేసింది. పిండి నింపిన చిన్న స్టీలు గిన్నెలు అందులో పెట్టి మూతేసింది. వేలికంటిన పిండి చప్పున నోట్లో పెట్టుకుంది. శొంఠి కాస్త ఎక్కువైంది.

"బేటీ, రుచి చూస్తున్నవా ఏంది?" లోపలి గదిలోంచి అత్త గొంతు. కళ్లు సరిగా ఆనవు గానీ ఆమెవి పాము చెవులు.

"లేదు అమ్మీ."

"రోజాల నాలిక మీద పెట్టొద్దు. పాపం తగుల్తది."

"పెట్టలే అమ్మీ."

అబద్ధం ఆడడానికైనా ఓపిక ఉండాలి. ఫిర్దౌస్‌కు అదీ అయిపోవస్తోంది.

లతీఫా బేగానికి షుగరు. మొన్నొకరోజు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని మొండికేసి, బాత్రూం గడప దగ్గర కూలబడింది. దవాఖానలో డాక్టర్ గట్టిగానే చెప్పాడు. వేళకు తిండి పడాలి, దాని మీద గోలీ పడాలి, ఇంకోసారి ఇలా పడిపోతే లేస్తుందని తను మాటివ్వలేనన్నాడు. ఇంటికొచ్చాక ఆమెకు నచ్చజెప్పి చూశారు. రోజా అక్కర్లేదని మసీదు ఇమాం సాబుతో కూడా చెప్పించారు.

"ఊరంత రోజా ఉంటే నేనొక్కదాన్నే మెక్కాల్నా? రేపు అల్లాకు ఏం మొఖం చూపియ్యాలె?" అంది.

అంతే. ఆ పట్టు విడిపించడం కన్నకొడుకు వల్ల కూడా కాలేదు.

ఆ కన్నకొడుకు వంటింట్లోకి తొంగిచూశాడు. దగ్గరికొస్తే చాయ్ వాసన గుప్పుమంటోంది. "ఇంకెంతసేపు?" అన్నాడు గొంతు తగ్గించి.

"మధ్యల పచ్చిగున్నది. అయినంక చెప్త. ముందుగాల నువ్వు మూతి కడుక్కో, అమ్మీకి వాసనొస్తది."

ఇస్మాయిల్ దొంగలా వెళ్లి కడుక్కున్నాడు.

ఇంతలో పక్కింటి స్వరూప వాకిట్లోంచి కేకేసింది. "ఫిర్దౌసక్కా, తిన్నవా?"

ఫిర్దౌస్ ఉరికి వెళ్లి పెదవుల మీద వేలు పెట్టి చూపింది. స్వరూప నాలిక్కరుచుకుంది. కానీ మాట లోపలిదాకా వెళ్లనే వెళ్లింది.

"రోజాల తిన్నవా అని అడుగుతదా ఆ పిల్ల?"

"యాది మరిచింది అమ్మీ, పాపం."

కుక్కర్ మూత తీసింది. పుల్ల గుచ్చి చూస్తే ఇంకా కొంచెం తడి. మళ్లీ మూసి, అత్త దగ్గరికి వెళ్లింది. కిటికీకి నల్ల పరదా, గోడకు ఒక చిన్న బల్బు. ఆ గదిలోకి వస్తే ఫిర్దౌస్‌కే నిద్ర ముంచుకొస్తుంది.

"పొద్దు గూకిందా బేటీ?"

"గూకుతున్నది అమ్మీ."

"మసీదు సైరన్ అయితే చెప్పు."

"చెప్త."

ఆ మాట ఇందాకా చెప్పింది, అంతకుముందూ చెప్పింది. విసుగ్గా దుప్పటి సర్దబోయి ఫిర్దౌస్ ఆగిపోయింది. అత్త నుదుటి మీద చెమట పట్టి ఉంది. చేతులు చల్లగా, సన్నగా వణుకుతున్నాయి. మొన్న పడిపోయే ముందు కూడా ఇలాగే ఉంది. ఫిర్దౌస్ పరుగున వెళ్లి ఉడికిందో లేదో కూడా చూడకుండా ఒక గిన్నె బయటికి లాగింది. వేళ్లు చురుక్కుమన్నాయి.

"అయినై!" అని ముందుగదికి వినబడేలా అరిచింది.

సైరన్ మోగింది.

లతీఫా బేగం తల మీద కొంగు సర్దుకుంది. రెండు చేతులూ చాపి దువా చదువుకుంది. ఖర్జూరం తింది. తర్వాత మఫిన్ తుంచి నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుంది.

"ఏమేసినవే ఇందుల? ఈద్ వాసనొస్తున్నది."

తుంచుకుంటూ తుంచుకుంటూ మొత్తం తినేసింది. గోలీ కూడా మింగింది. కాసేపటికి చేతుల్లో వణుకు తగ్గింది. ఫిర్దౌస్‌కు అప్పటిగ్గానీ ఊపిరాడలేదు.

"నువ్వు గూడ తినుపో బేటీ. పొద్దంత ఉపాసమున్నవ్."

ఆ మాటకు ఫిర్దౌస్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "తింట అమ్మీ" అంటూ ఆమెను మెల్లగా పడుకోబెట్టి, తలకింద మెత్త సర్ది బయటికి నడిచింది.

"బేటీ... సైరన్ అయిందా?"

తిన్న సంగతి అత్త అప్పుడే మరిచిపోయింది. ఫిర్దౌస్ గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది.

"ఇంకా కాలే అమ్మీ. జర సేపు పండుకో."

ఇస్మాయిల్ ఇందాక సైరన్ మోగించిన ఫోన్‌ను ఆమె చేతిలో పెట్టి పొద్దుటి ఎండలో బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు. రంజాన్ దాటిన ఐదో నెలలో, మధ్యాహ్నపు ఇఫ్తార్ కోసం ఫిర్దౌస్ ఇంకో జుకినీ అందుకుంది.