మెనూ కార్డు వెనక పేరు

"దీని మీంచి మా నాన్న పేరు తీసెయ్యి."

బ్లాజెనా మెనూ కార్డును తిరగేసి కౌంటరు మీద పెట్టింది. డెబ్భై ఏళ్ల మనిషి. ఇల్లు ఏటికి అవతలి గట్టు మీదే. అయినా నీటిమర హోటల్ గడప తొక్కడం ఇదే మొదటిసారి.

ఆదివారం మధ్యాహ్నం. ప్రాగ్ నుంచి వచ్చిన కుటుంబాలతో భోజనాల గది నిండిపోయింది. నాలుగు బీరు గ్లాసులతో వెళ్తున్న రాద్కా ఆగింది. హోటల్ నడిపేది ఆమె, ఆమె తల్లి ద్రహోమీరా కలిసి.

"ఏ పేరు?" అంది రాద్కా, తెలిసే.

"చదవలేవా? అచ్చేయించింది నువ్వేగా."

కార్డు వెనక మర చరిత్ర ఉంది. జర్మన్ల ఏలుబడిలో గింజ ఆడించడం నేరమైన రోజుల్లో, రాద్కా తాత హినెక్ ఊరి ఆకలి చూడలేక దొంగచాటుగా పిండి ఆడించి ఇచ్చాడని. పొరుగువాడు అలోయిస్ స్మేకల్ ఆ సంగతి పోలీసులకు చేరవేశాడని. హినెక్‌ను తీసుకుపోయి కాల్చేశారని. తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం లాక్కున్న మర నలభై ఏళ్లకు తిరిగి చేతికొస్తే, తల్లీకూతుళ్లు దాన్ని హోటల్ చేశారని. చివరి వాక్యం మందపాటి అక్షరాల్లో ఉంది: 'నేటికీ సాయంత్రం నాలుగైతే మా అమ్మకు మరరాళ్లు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది.'

"ఊరంతా అనే మాటే. నేనేం కొత్తగా పుట్టించలేదు" అంది రాద్కా.

"ఊరు నోటితో అంది. అరవై ఏళ్లు పడ్డాం. చర్చిలో మా నాన్న కూర్చుంటే ఆ బల్ల మొత్తం ఖాళీ అయ్యేది. ఆయన పోతే మొయ్యడానికి నలుగురు రాలేదు. నేనూ మా ఆయనా శవపేటికని తోపుడుబండి మీద తీసుకెళ్లాం. సరే, అదంతా పోనీ. ఇప్పుడు నువ్వు అచ్చేశావు. నా మునిమనవరాలు అక్షరాలు కూడబలుక్కుని చదువుతోందమ్మాయ్."

"మీకు పోయింది పేరు, బ్లాజెనాగారూ. మాకు మనిషే పోయాడు."

"మా నాన్న చెప్పలేదు."

"ఆ రోజు పోలీసుల కారు వెళ్లిపోగానే వంతెన దగ్గర్నుంచి వస్తూ కనిపించింది ఆయనే. యుద్ధమయ్యాక రుజువు చాలక జైల్లో పెట్టలేదు గానీ... పోనీ, ఆయన కాకపోతే ఎవరు?"

బ్లాజెనా ఒకసారి వంటింటి తలుపు వైపు చూసింది. కార్డును ఇంకాస్త ముందుకు జరిపింది.

"చూశారా! రుజువు తెండి, ఆ రోజే కొత్త కార్డులు వేయిస్తా. అందాకా కూర్చోండి, సూప్ తాగి వెళ్దురుగాని."

కిటికీ పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. "ఈవిడేనట, ఆ స్మేకల్ కూతురు" అని గుసగుస. బ్లాజెనా చేతిసంచీ రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడింది.

వంటింటి తలుపు తెరుచుకుంది. ద్రహోమీరా బయటికొచ్చింది. మోచేతుల దాకా పిండి.

"దాన్ని ఆపమని చెప్పు రాద్కా."

"దేన్నమ్మా?"

"పొద్దున్నించీ తిరుగుతూనే ఉంది."

"ఇంకా ఒంటిగంటే కదా."

గదిలో అందరూ నేల వంక చూశారు. ఒకప్పుడు మరరాళ్లు తిరిగిన కింది గదిలో ఇప్పుడు బీరు పీపాలు తప్ప ఏమీ లేవు. అయినా ఒకావిడ మెల్లగా కాళ్లు పైకి ముడుచుకుంది.

ద్రహోమీరా నేరుగా బ్లాజెనా దగ్గరికి వచ్చింది.

"తోపుడుబండి మీదా?"

"ఆఁ."

"నాకు తెలీదు."

"నీకెవరు చెబుతారు?"

ద్రహోమీరా కౌంటరు అంచు పట్టుకుంది. చెక్క మీద ఐదు తెల్లని వేళ్ల అచ్చులు పడ్డాయి.

"ఆ రోజు వంతెన మీద బాతుల్ని తోలుతున్నాను. కారు ఆగింది. మంచి టోపీ పెట్టుకున్నాయన, మన భాషలోనే మాట్లాడాడు. 'మీ నాన్న ఏడమ్మా' అన్నాడు. నిద్రపోతున్నాడన్నాను. 'మిట్టమధ్యాహ్నం నిద్రా, ఎంత బద్ధకస్తుడు' అని నవ్వాడు. నాకు రోషం వచ్చింది. 'మా నాన్న బద్ధకస్తుడేం కాదు, రాత్రంతా పిండి ఆడించాడు' అన్నాను."

రాద్కా చేతిలోని గ్లాసులు కౌంటరు మీద పెట్టేసింది. 

"అమ్మా, నీకప్పుడు ఆరేళ్లు. ఏదో కలగనుంటావ్."

"నా తల నిమిరి వెళ్లాడే. ఆ చెయ్యి ఇంకా ఇక్కడే ఉంది." ద్రహోమీరా నడినెత్తి తాకింది. జుట్టుకు పిండి అంటుకుంది. "అప్పటికే ఊరు ఇంకొకరి మీద నేరం మోపేసింది. భయమేసి నోరు మూసుకున్నాను. పెద్దయ్యాక తెరవడం చేతకాలేదు. చివరికి ఆ కథ అందరికంటే బాగా చెప్పేది నేనే అయ్యాను."

ఆమె బ్లాజెనా వైపు తిరిగింది. "తిట్టవే. కొట్టు. వీళ్లందరి ముందే కొట్టు."

బ్లాజెనా కొట్టలేదు. కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టింది. పక్కనే తనూ కూర్చుని, ఆ పిండి చేతిని ఒళ్లోకి తీసుకుంది.

"నాకు తెలుసు ద్రాహుష్కా" అంది, చిన్నప్పుడు ఆటల్లో పిలిచిన పేరుతో. "ఆ పూట మా నాన్న వంతెన కింద చేపల కోసం వల వేస్తున్నాడు. నీ ప్రతి మాటా విన్నాడు. జనం వచ్చి 'నువ్వేనా' అని నిలదీస్తే, తల వంచుకుని ఊరుకున్నాడు. 'కాదని ఎందుకు చెప్పవు' అని మా అమ్మ ఏడిస్తే ఒక్కటే మాటన్నాడు: 'నేను కాదంటే, వాళ్లు వెళ్లి ఆ పిల్లనడుగుతారే.'"