చల్లారని శుక్రగ్రహం

“ఈ పేజీ అచ్చుకి వెళ్లదు” అంటూ పెద్దావిడ నూట పన్నెండో పేజీ ప్రూఫు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

ప్రూఫ్ రీడర్‌కి ఒళ్లు మండింది. ఆమె ఆ ప్రెస్సులో చేరి రెండు వారాలే అయింది. పేరూ ఊరూ చెప్పకుండా తిన్నగా లోపలికొచ్చి కుర్చీ లాక్కున్న మనిషితో ఎలా వేగాలో తోచలేదు. పైగా మళ్లీ అచ్చవుతున్న ఆ పుస్తకం ఆషామాషీది కాదు. బళ్లో చదివేటప్పుడు ఆమెకు గ్రహాల పిచ్చి పట్టించింది అదే. శుక్రగ్రహం నేలలో చాలా భాగం లావా పారి గడ్డకట్టిందేననీ, అక్కడి అగ్నిపర్వతాలు ఏనాడో చల్లారిపోయాయనీ చెప్పే ఆ పేజీ ఆమెకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

పెద్దావిడ సంచిలోంచి రెండు రాడార్ చిత్రాలు తీసి పక్కపక్కన పరిచింది. ఒకే కొండ, ఒకే బిలం. రెంటికీ మధ్య ఎనిమిది నెలలు. మొదటిదాంట్లో గుండ్రంగా ఉన్న నోరు, రెండోదాంట్లో దాదాపు రెట్టింపై వంకర తిరిగింది. ఇవి శుక్రుడి చుట్టూ తిరిగిన నౌక ఎప్పుడో తీసినవేననీ, ముప్పై ఏళ్లపాటు ఎవరూ పోల్చి చూడలేదనీ చెప్పింది.

“చల్లారిన కొండకి నోరు పెరగదమ్మా.”

ప్రూఫ్ రీడర్ చిత్రాల మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. అయినా పట్టు విడవలేదు. “ఇంత పుస్తకం రాసినాయనకి తెలీదంటారా?”

“తెలుసుకోలేదు. చల్లారిందని రాసేసి చేతులు దులుపుకున్నారు. ఉత్త పొగరు.”

ఆ మాట ఆమెకు చురుక్కుమంది. యజమానికి ఫోన్ చేసింది. మధ్యాహ్నానికి మిషన్ ఎక్కకపోతే బడులు తెరిచేనాటికి పుస్తకాలు అందవని ఆయన కేకలేశాడు. ఆ ముసలావిణ్ణి బయటికి పంపి పని చూడమన్నాడు.

ఆమె మళ్లీ చిత్రాల వైపు చూసింది. తనకు కంఠతా వచ్చిన తప్పు రేపు ఇంకెందరికో కంఠతా వస్తుంది.

“పంపను సార్. నన్ను తీసేసినా సరే, ఈ పేజీ అచ్చుకి ఇవ్వను.”

ఆయన ఇంకాసేపు అరిచాడు. చివరికి ఆయన, పుస్తకం రాసిన మనిషి సంతకం ఉంటేనే పేజీ మారుతుందనీ, గంటలో అది తెమ్మనీ చెప్పి ఫోన్ పెట్టేశాడు.

గంటలో ఎక్కడని వెతకడం? అట్ట మీద ఉన్నది ఇంటిపేరూ, రెండు పొడి అక్షరాలూ. ఆమె సవరణ కాగితం ముందేసుకుని నీరుగారిపోయింది.

“రాసినాయన ఒప్పుకుంటారంటారా?”

“ఒప్పుకోక ఏం చేస్తారు” అంటూ పెద్దావిడ కాగితం తన వైపు లాక్కుంది.

‘రచయిత’ అన్నచోట సంతకం పెట్టింది.