పెదవుల మాట

విఠల్ టిఫిన్ డబ్బా పట్టుకుని ఆడవాళ్ల వార్డు గుమ్మం దాకా వచ్చి టక్కున ఆగిపోయాడు.

తన భార్య వసంత మంచం పక్కన, స్టూలు మీద ఎవడో కూర్చున్నాడు.

ఇస్త్రీ చొక్కా. నున్నగా గీసిన గడ్డం. వసంతతో ముచ్చట్లు పెట్టాడు. ఇద్దరి పెదవులూ కదులుతున్నాయి, ఒక్క శబ్దం బయటికి రావడం లేదు.



సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే కార్ఖానాలో చెవి దగ్గర అరిచినా వినబడదు. అక్కడి వాళ్లంతా పెదవులతోనే మాట్లాడుకుంటారు, పెదవులు చూసే తెలుసుకుంటారు. వసంత కండెలు చుట్టే రోజుల్లో, నాలుగు సాంచాల అవతలి నుంచి "నిన్నే చేసుకుంట" అని విఠల్ చెప్పింది అలాగే. కార్ఖానా బయట ఆ పెదవుల మాట తమ ఇద్దరికే సొంతం అనుకున్నాడు పాపం, ఇన్నేళ్లూ.

ఆ మనిషి ఏమంటున్నాడో గుమ్మం దగ్గర నుంచే చదివేశాడు.

"నీ మొగనికి మాత్రం చెప్పకు."

వసంత తలూపింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

విఠల్ విసవిసా లోపలికి వెళ్లాడు.

"ఎవరీయన?"

"రామన్న," అంది వసంత గొంతు పెగుల్చుకుని. "ఈయన గూడ సాంచాల మీద చేసిండట. కుంభారి ఊర్ల ఉంటడు."

"ఈడేం పని?"

"ఊకెనే తమ్మి," అన్నాడు రామన్న లేస్తూ. "మాట్లాడ రాక తిప్పలవడుతుంటే తోడు కూసున్న."

తోడట! విఠల్ పళ్లు కొరుక్కున్నాడు.

అసలే అతని బాధ అతనికుంది. వసంత మెడలో కోడిగుడ్డంత గడ్డ, మాట పెగలనివ్వదు. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాన్ని పట్టుకుని పెరిగింది. లక్షల్లో ఒకరికి వస్తుందట. ఉన్నపళాన కోస్తే రక్తం ఆగదు. ముందు తొడలోంచి సన్నటి గొట్టం మెడదాకా పంపి, గడ్డకు రక్తం అందించే నాళాల్ని మూసెయ్యాలి. మర్నాడు కోసి తియ్యాలి. ఆ గొట్టం వేసే డాక్టరు పుణె నుంచి నెలకొక్క శనివారమే వస్తాడు. అంత పెద్ద కేసు ఒక్కటే చేస్తాడు.

మొదట వచ్చే నెల అన్నారు. పడుకుంటే వసంతకు ఊపిరాడడం లేదు. విఠల్ డాక్టరమ్మ కాళ్లమీద పడ్డాడు. మార్కండేయుడికి మొక్కుకున్నాడు. రెండు రోజులకు "ఈ శనివారమే చేస్తాం" అన్నారు. మొక్కు ఫలించిందని తాముండే జోడ్‌భావి పేటంతా చెప్పుకుని తిరిగాడు.

రామన్నను మొదట చూసిన మర్నాడు విఠల్ పనికి నాగా పెట్టి, పొద్దున్నే ఆసుపత్రికి వచ్చాడు. చూస్తే ఏముంది, స్టూలు మీద మళ్లీ రామన్న!

"ఏమయ్యా, నీకు పెండ్లాం లేదా?"

"లేదు తమ్మి. సచ్చిపోయింది. పిల్లలు గూడ లేరు."

"అయితే మంది పెండ్లాం పక్కన కూసుంటవా?"

వార్డంతా తలలు తిప్పింది. వసంత వద్దంటూ మొగుడి చెయ్యి పట్టుకుంది. వాణ్ని వెనకేసుకొస్తోందని విఠల్‌కు మరింత మండింది. రామన్న కాలరు పట్టి లేపాడు.

"ఇంకోపారి ఈ గడప తొక్కితే కాళ్లు ఇరగ్గొడ్త. ఖబర్దార్!"

రామన్న కాలరు సర్దుకున్నాడు. ఇంత కోపం కూడా లేదు ఆ ముఖంలో.

"నీ జాగల నేనున్నా గిట్లనే అందును తమ్మి. వసంతా, శనివారం ధైర్నంగుండు."

పేరు పెట్టి పిలిచాడు! ఆపరేషను థియేటరు బయట కూర్చున్నప్పుడు కూడా ఆ పిలుపే విఠల్ చెవుల్లో మోగింది.

గడ్డ పోయింది. వసంత బతికింది. విఠల్ మనసులో ముల్లు మాత్రం అక్కడే ఉంది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా!

"వాడు నీకేమైతడు?"

"అన్న."

"ఎక్కడి అన్న? ఎన్నటి అన్న?"

"మాటిచ్చిన. నెల ఆగు, చెప్త."

"నెలెందుకు? ముహూర్తం పెట్టుకున్నరా?"



నెల తిరిగింది. శనివారం పొద్దున వసంత మంచి చీర కట్టుకుని, జొన్నరొట్టెలు, పల్లీ కారం డబ్బాలో సర్దింది.

"ఎవనికి?"

"రామన్నకు. ఇయ్యాల దవాఖానకు వస్తడు. నువ్వు గూడ రా, అంత చెప్త."

విఠల్ వెళ్లాడు. ఇద్దరినీ ఒక్కచోటే నిలదీసి తేల్చుకుందామనే వెళ్లాడు.

రామన్న పేరు వినగానే నర్సు ప్రాజక్త చేతిలోని పని ఆపింది.

"నీకు ఎరుక లేదా అక్కా? పది రోజులైంది. ఇంట్లనే పడిపోయిండు. తలల నరాలు చిక్కువడి ఉండె గద, పగిలినయట. ఈడికి తెచ్చేటాల్లకే పానం పోయింది."

అబ్బ, పీడ వదిలిందనుకున్నాడు విఠల్. నిజంగా అలాగే అనుకున్నాడు.

వసంత గోడకు ఆనుకుని కూలబడింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పరాయి మగవాడి కోసం అంత ఏడుపు విఠల్ ఓర్వలేకపోయాడు.

"ఇగనన్న చెప్తవా? ఎవడు వాడు?"

"నీకు తెలిస్తె రోషానికి పోయి ఒద్దంటవని, తన తలకు గూడ గొట్టం వేసినంక చెప్పుమన్నడు," అంది వసంత. "ఇద్దరు పిల్లల తల్లివి, నాకెవ్వరున్నరు, ముందుగాల నువ్వు పో అన్నడు. పోయిన నెల ఆ శనివారం నంబరు నాది గాదు, రామన్నది."